గృహిణీ విహారము: వాల్‌ఐ చేపల వేట, దాని కొలతలు

ఉత్తర అమెరికాయందు మిన్నసోటా, విస్కాన్సిన్, మిషిగన్, ఒహాయో రాష్ట్రములలోను, వానికి ఉత్తరముననున్న కెనడా దేశమునందును, వేసవి వచ్చినంతనే కుటుంబములు సరస్సులకు తరలిపోవుట వాడుక. అచ్చట కాపురమున్న మన తెలుగు కుటుంబములును ఈ వాడుకను అలవరచుకొన్నవి. కూతురి పురిటికో, కోడలి పురిటికో ఇచ్చటినుండి వెళ్లిన తల్లులు సైతము మనుమలతో పడవనెక్కి గాలము వేయుచున్నారు. పడవ అద్దెకు దొరకును, గాలములు అంగడిలో దొరకును. అయినను పగలెల్ల నీటిపై గడపి వట్టిచేతులతో మరలివచ్చువారు పెక్కుమంది. వారు తమ అదృష్టమును నిందించుకొందురు. ఈ వేటలో అదృష్టమునకుగల పాలు స్వల్పము, కొలతకుగల పాలు అధికము. ఆ కొలత పడవతో ముగియక వంటయింటివరకును వచ్చును. గర్భిణులకును పసిబిడ్డలకును సంబంధించిన ముఖ్యవిషయ మొకటి ఇందున్నది గనుక, ఈ మాసము మన శీర్షికను ఈ వేటకే వినియోగించుచున్నాము.

ముందుగా చేపను గూర్చి చెప్పుదుము. వాల్‌ఐ మంచినీటి చేప. వెన్ను పసిమి కలిసిన ఆకుపచ్చగాను, కడుపు తెల్లగాను ఉండును. తోక క్రిందికొనను తెల్లని మచ్చ యుండుట దీని గుర్తు. మిన్నసోటావారు 1965లో దీనిని తమ రాష్ట్రమత్స్యముగా ప్రకటించిరి. ఓజిబ్వే యను అచ్చటి ఆదివాసులు దీనిని ఓగా యందురు. దీని శాస్త్రనామములో గాజువంటిదని అర్థమిచ్చు లాటిను మాట కలదు. అది దీని కన్నును బట్టి వచ్చిన పేరు. రాత్రివేళ దీపపు వెలుగు పడినప్పుడు పిల్లికన్ను మెరయునట్లు ఈ చేప కన్నును మెరయును. కంటి వెనుకభాగమున వెలుగును మరల త్రిప్పికొట్టు పొర యొకటి యుండుటయే దానికి కారణము. ఆ పొర మూలమున మసకవెలుగునందు చిన్నచేపలకు కనబడనిది దీనికి కనబడును. కావున ఇది తెల్లవారుజామునను, ప్రొద్దుగ్రుంకువేళను, మబ్బుపట్టిన దినములందును, గాలికి నీటిపై చిరుతరగలు లేచునప్పుడును మేతకు వచ్చును. ఎండ కాయుచు నీరు నిలుకడగా నున్నప్పుడు లోతునకు దిగి యుండును. నడిమధ్యాహ్నము తీరము చెంత గాలము వేసి విసుగుచెందువారు ఈ ఒక్క విషయమును గ్రహించిన చాలును.

ఇక వేటాడు విధము. ఒక్కచోట కూర్చుండి ఎర వ్రేలాడదీయుట మన చెరువుగట్లపై మనమెరిగినదే. విశాలమైన సరస్సులలో చేప ఎచ్చట నున్నదో తెలియదు గనుక, పడవను మెల్లగా నడపుచు ఎరను వెనుక ఈడ్చుకొనిపోవుదురు. దీనినే ట్రోలింగు అందురు. ఈరీ సరస్సు సగటు లోతు సుమారు 62 అడుగులు, మిక్కిలి లోతైన చోట 210 అడుగులు. అంత నీటిలో చేపను వెదకుటకు ఇదియే తగిన మార్గము. ఇందులో నెరుగవలసిన కొలతలు మూడు: పడవ వేగము, ఎర నడచు లోతు, విడిచిన దారపు నిడివి.

వేగము విషయమున తొందర కూడదు. వసంతకాలమున నీరు చల్లగా నున్నప్పుడు చేప మందముగా నుండును. అప్పుడు గంటకు 1 మైలు మొదలు ఒకటిన్నర మైలు వరకు చాలును. నడివేసవిలో నీరు వెచ్చబడిన పిమ్మట 2 మైళ్లు, రెండున్నర మైళ్లు పోనిచ్చినను వెంబడించి పట్టుకొనును. పడవలోని యంత్రము చూపు వేగము నేలను బట్టి లెక్కించినది. నీటి అడుగున ప్రవాహమున్నయెడల ఎరకు కలుగు వేగము వేరుగా నుండును. అందుచేత ఒక దిక్కునకు పోవునప్పుడు చేపలు పడి, అదే దారిని మరలునప్పుడు ఒక్కటియు పడకపోవుట కలదు. అట్టిచో స్థలమును మార్చుటకు ముందు వేగమును మార్చి చూడవలెను.

వేగమును పరీక్షించుటకు సులభమైన ఉపాయ మొకటి కలదు. పడవను తిన్నగా నడపక పాము నడకవలె మెలికలు త్రిప్పుచు నడపవలెను. మలుపునకు వెలుపలి ప్రక్కనున్న ఎర వేగముగా సాగును. లోపలి ప్రక్కది నెమ్మదించి లోతునకు దిగును. చేప వెలుపలి గాలమునకు పడినయెడల వేగము పెంచవలెననియు, లోపలి గాలమునకు పడినయెడల తగ్గింపవలెననియు తెలియును.

ఎరలు ముఖ్యముగా రెండు తెగలు. మొదటిది వానపాము ఎర. బారెడు సన్నదారమునకు రంగురంగుల పూసలును, గిరగిర తిరుగు లోహపు రేకును ఎక్కించి, చివర రెండు గాలములకు వానపామును గ్రుచ్చుదురు. రేకు తిరుగునప్పుడు కలుగు మెరుపును, అదురును చేపను పిలుచును. ఈ దారమునకు ముందు, వంచిన తీగకు సీసపు గుండు పొదిగిన సాధన మొకటి కట్టుదురు. దానికి బాటమ్ బౌన్సర్ అని పేరు. తీగకొన సరస్సు అడుగును తాకుచు పోవును. ఎర నేలకు కొంచెము పైగా తేలుచు వచ్చును. ప్రతి 10 అడుగుల లోతునకు 1 ఔన్సు బరువు చొప్పున గుండును ఎన్నుకొనవలెనని వాడుకలోనున్న లెక్క. దారము నీటిలోనికి ఏటవాలుగా దిగవలెను. మరీ వెనుకకు సాగిపోవుచున్నచో బరువు చాలలేదని అర్థము. ఈ ఎరకు గంటకు 1 మైలు వేగము సరిపోవును.

రెండవది బొమ్మ ఎర. కొయ్యతోనో ప్లాస్టిక్కుతోనో చేసిన చిన్నచేప బొమ్మకు నోటియొద్ద నాలుకవంటి పలక యుండును. లాగినప్పుడు నీరు ఆ పలకకు తగిలి బొమ్మ క్రిందికి మునిగి, గాయపడిన చేపవలె ఇటునటు కదలును. పలక పెద్దదైనకొలది లోతు హెచ్చును. ఫిన్లండు దేశమున లౌరి రాపలా యను జాలరి 1936లో బెండుకొయ్యను చెక్కి, చాక్లెట్టు పొట్లపు తళుకుకాగితము చుట్టి చేసిన బొమ్మతో ఈ తెగకు ప్రసిద్ధి కలిగెను. రంగుల విషయమున ఒక్క మాట. ఈ చేప కన్ను ఎరుపు, ఆకుపచ్చ ఛాయలను చక్కగా గుర్తించును, నీలమును గుర్తింపజాలదు. కావున కలకనీటిలో నారింజరంగును, పసుపు కలిసిన ఆకుపచ్చయును వాడుదురు. తేటనీటిలో వెండివన్నె మేలు.

లోతును నిర్ణయించుటకు దారపు నిడివియే తాళపుచెవి. ఒకే బొమ్మ 50 అడుగుల దారముతో పోవు లోతు వేరు, 100 అడుగుల దారముతో పోవు లోతు వేరు. లావు దారము నీటికి అడ్డుపడి ఎరను పైకి తేల్చును. సన్నదారము లోతునకు దింపును. అందుచేత విడిచిన దారమును లెక్కించు రీళ్లను వాడుదురు. లోపల సీసము పోసి నేసిన దారమును కలదు. దాని రంగు 10 గజముల కొకసారి మారును. 2 మైళ్ల వేగమున ఒక్కొక్క రంగునకు సుమారు 5 అడుగుల లోతు దిగును. రంగులు లెక్కించుట పిల్లలకు మంచి వేడుక. చేప కొంచెము పైకి చూచునేగాని క్రిందికి చూచుట అరుదు గనుక, ఎర చేపయున్న మట్టమునకు ఒకటి రెండడుగులు పైగా నడచుట శ్రేష్ఠము.

పడవలో నొకరు చిన్నపుస్తకము పట్టుకొని కూర్చుండవలెను. చేప పడినప్పుడెల్ల వేళ, వేగము, దారపు నిడివి, ఎర రంగు, నీటి లోతు వ్రాసికొనవలెను. ఇంటిపద్దు వ్రాయు చేతికి ఇది కష్టము కాదు. మూడు చేపలు పడునప్పటికి ఆనాటి సూత్రము తెలిసిపోవును. తక్కిన గాలములను అట్లే సవరింపవచ్చును.

చేప పట్టినప్పుడు కోలను గుంజరాదు. పడవ నడకయే గాలమును గ్రుచ్చియుండును. దారము సడలనీయక నిదానముగా చుట్టవలెను. పడవను ఒక్కసారిగా నిలిపినయెడల తక్కిన ఎరలు అడుగున పడి చిక్కుకొనును. వలను చేప తలవైపునుండి అందింపవలెను. దాని నోట పదునైన పండ్లును, వెన్నుపై ముండ్లును, మొప్పల కప్పునకు వాడియంచులును ఉండును గనుక నోట వ్రేలు పెట్టరాదు.

ఇప్పుడు నాలుగవ కొలతకు వచ్చితిమి. అది చేప నిడివి. ఎంత నిడివిగల చేపను, ఎన్నింటిని ఉంచుకొనవచ్చునో ఒక్కొక్క సరస్సునకు ఒక్కొక్క శాసనము కలదు, అది సంవత్సరము సంవత్సరము మారుచుండును. మిన్నసోటా, ఒహాయోలలో 16 ఏండ్లు నిండినవారు అనుమతిపత్రము కొనవలెను. ఈ కట్టుబాట్లు ఊరక పుట్టలేదు. మిన్నసోటాలోని రెడ్ లేక్ యను మహాసరస్సున మితిలేని వేటవలన వాల్‌ఐ సంతతి క్షీణించి, 1997లో ఓజిబ్వేలు తమ వర్తకపు వేటను తామే నిలిపిరి; 1999లో రాష్ట్రమువారును తమ భాగమున వేటను మూసిరి. చేపపిల్లలను విడిచి, ఏండ్లతరబడి కాచిన పిమ్మట 2006లో గాని వేట తిరిగి తెరువబడలేదు. ఈ జాతిలో పెద్దచేపలు చాలవరకు ఆడువి. గ్రుడ్లతో సరస్సును నింపునవి అవియే. పెద్దచేపను విడిచిపెట్టుట తల్లిని విడిచిపెట్టుట.

పెద్దచేపను విడుచుటకు వేరొక కారణము కలదు, తల్లులు దానిని శ్రద్ధగా వినవలెను. బొగ్గు మొదలగువానిని కాల్చగా గాలిలో చేరిన పాదరసము సరస్సులలో పడి, అడుగున సూక్ష్మజీవులచే విషరూపము పొంది, చిన్నచేపలనుండి పెద్దచేపలకు చేరును. వయసు మీరిన వేటచేపలో అది హెచ్చుగా నిలువయుండును. తినిన తల్లినుండి గర్భస్థశిశువునకు పోయి, ఎదుగుచున్న మెదడునకు కీడు చేయును. మిన్నసోటా ఆరోగ్యశాఖవారి సాధారణ సూచన యిది: గర్భిణులు, గర్భము ధరింపగలవారు, పాలిచ్చు తల్లులు, 15 ఏండ్లలోపు పిల్లలు 20 అంగుళములకు తక్కువైన వాల్‌ఐని నెల కొకసారి మాత్రమే తినవలెను, అంతకు మించిన చేపను తినరాదు. కొన్ని సరస్సులకు వేరు సూచనలు కలవు గనుక పోబోవు సరస్సు పేరుతో విచారించుకొనవలెను.

చూలాలికి మేలైన ముక్క పెట్టవలెనని మన ఇండ్ల మమకారము. పడిన చేపలలో పెద్దదానిని కడుపుతోనున్న కోడలికని ఎత్తిపెట్టు అత్తగారి ప్రేమ నిజమైనదే. కాని ఆ ముక్కయే ఆమెకు తగనిది. చర్మము, కొవ్వు తీసివేసినచో కొన్ని ఇతర విషములు తగ్గునుగాని పాదరసము కండలోనే యుండును. కడిగినను, వేయించినను, ఎంత చింతపులుసు పోసి కాచినను పోదు. శరీరమున కొన్ని నెలలు నిలుచును గనుక గర్భము ధరింపక మునుపే జాగ్రత్త అవసరము. ఇట్లని చేపను బొత్తిగా మానిపింపనక్కరలేదు. శిశువు మెదడునకు మేలుచేయు కొవ్వులును చేపలోనే కలవు. సన్‌ఫిష్, క్రాపీ, పసుపు పెర్చి యను చిన్నచేపలను వారమున కొకసారి తినవచ్చునని ఆ శాఖవారే చెప్పుచున్నారు. అదే సరస్సున చిన్నగాలమునకు అవి పడును.

తక్కినవారికి పదునారంగుళముల చేప పులుసునకును వేపుడునకును కొర్రమీనువలె గట్టికండతో రుచిగా నుండును. పైక్ చేపకున్నట్టి చీలికముండ్లు దీనికి లేవు. తలయొద్దనుండి నడుమను సాగు ముండ్లవరుసను తీసివేసి పిల్లలకు పెట్టవలెను.

పడవనెక్కు ప్రతివారును తేలుడు చొక్కా తొడుగవలెను. ఈరీ సరస్సు వైశాల్యమునకు తగిన లోతు లేనిది గనుక కొద్దిపాటి గాలికే నిటారైన అలలు లేచును. మిగిలిన వానపాములను నేలపైగాని నీటిలోగాని పారవేయక చెత్తబుట్టలో వేయవలెను; అచ్చటి అడవులకు అవి పరాయివి, చెరుపుచేయునవి. పడవలోని నీటిని ఒడ్డుననే ఒలుకబోసి, మరియొక సరస్సునకు గుల్లలు ప్రాకకుండ చూడవలెను.

సోదరీమణులారా! విదేశమునకు ఉత్తరము వ్రాయునప్పుడు గాని, ఫోనులో మాటాడునప్పుడు గాని, మీ ఆడుబిడ్డలకు ఈ ఇరువది అంగుళముల మాటను తప్పక చెప్పుడు. గాలములపెట్టెలో కొలబద్ద యొకటి యుంచుకొనుమని చెప్పుడు. పెద్దచేప పడినచో పటము తీసికొని, నీటిలో మెల్లగా విడిచిపెట్టుమని చెప్పుడు. సరస్సునకును, కడుపులోని బిడ్డకును మేలుచేయు పని ఇదియొక్కటియే.