గడప దాటడానికి కూడా కారేనా?

"పిల్లలెక్కడుంటే అదే మన ఇల్లు." ఈ మాట నాకు ఎంతమంది చెప్పారో లెక్కలేదు. పెళ్ళిళ్ళలో చెప్తారు, బస్సులో పక్క సీటామె చెప్తుంది, చుట్టాలైతే ఫోన్ చేసి మరీ చెప్తారు. మా సారు వచ్చే ఏడు బడి నుంచి రిటైరవుతున్నారు. "ఇంకేంది, ఏటూరునాగారంల ఇల్లమ్మి బిడ్డ దగ్గరికి పొండ్రి" అని అందరిదీ ఒకటే పాట. ఆ మాట తప్పని ఈ రోజు గట్టిగా చెప్పదలుచుకున్నాను. చూడకుండా కాదు, చూసొచ్చే చెప్తున్నాను.

ఎండాకాలం సెలవుల్లో అమెరికా వెళ్ళాం. డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటుంది మా బిడ్డ. 2020 జనాభా లెక్కలకే 2 లక్షలు దాటిన ఊరు. మనవాళ్ళు చాలామంది ఉంటారు. కార్యసిద్ధి హనుమాన్ గుడికి పోతే చెవి నిండా తెలుగే. మేం వెళ్ళింది ఊరికే చూసి రావడానికి కాదు, ముందుముందు అక్కడ ఉండగలమా అని తేల్చుకోవడానికి. సారు మనసు అప్పటికే సగం అక్కడుంది. ఇల్లు, వెనక ఖాళీ జాగా అమ్మితే బిడ్డ ఇంటి అప్పు కొంత తీరుతుందని లెక్క కూడా వేసుకున్నారు.

ఇక చివరి రోజు. రాత్రికి విమానం. సారు అలవాటుగా అయిదింటికే లేచి బయటికి పోయారు. మా ఊళ్ళో అయితే ఆ టైముకు బస్టాండు దగ్గర చాయ్, పేపరు, నలుగురితో నాలుగు ముచ్చట్లు. ఇక్కడ ముప్పావు గంట నడిచి తిరిగొచ్చారు. "మాట్లాడెటందుకు ఒక్క మనిషి దొరకలే. కుక్కను తిప్పేటాయన మాత్రం చెయ్యూపిండు" అన్నారు. నవ్వుతూనే అన్నారు గానీ, ఆ నవ్వు నాకు నచ్చలేదు.

నాకేమో ప్రయాణానికి ముందు ఒకసారి హనుమంతుడికి దండం పెట్టుకోవాలని. ఎనిమిదింటికే చీర కట్టుకుని కూర్చున్నాను. పనిరోజు. అల్లుడు ఆఫీసుకు పోయాడు. బిడ్డ ఇంట్లోనే ఉంది గానీ పన్నెండు దాకా మీటింగులు. గుడి కారులో పది నిమిషాల దూరం. డాలస్‌లో 'డార్ట్' బస్సులూ రైళ్ళూ ఉన్నాయి, ఫ్రిస్కో మాత్రం అందులో చేరని ఊరు. టైముకు వచ్చే బస్సు అనేదే లేదు. నాలుగు గంటలు సోఫాలో కూర్చున్నాను. మధ్యలో బిడ్డ రెండుసార్లు తొంగి చూసి "సారీ అమ్మా" అంది. ఆ మాటే నన్ను కుదిపింది. ఉద్యోగం చేసుకుంటున్నందుకు నా బిడ్డ నాకు క్షమాపణ చెప్పడమేంటి? నేను అక్కడే ఉండిపోతే దాని రోజువారీ పనుల్లో నేనూ ఒక పనినవుతాను. రోజుకు రెండు సారీలు.

మధ్యాహ్నం భోజనాల దగ్గర సారు మొదలుపెట్టారు. "బిడ్డా, ఇల్లు అమ్ముదామని..." నేను మధ్యలోనే అందుకున్నాను. "అమ్మం."

ఎందుకో అక్కడ చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను. విజిటర్ వీసా మీద పోతే ఒక్కో రాకకు మామూలుగా ఇచ్చేది 6 నెలలే. తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు పెట్టాలంటే పిల్లలు 21 నిండిన అమెరికా పౌరులై ఉండాలి. మా బిడ్డది హెచ్1బీ. దానికే గ్రీన్ కార్డు ఎప్పుడొస్తుందో తెలియదు. ఒకవేళ మాకు వచ్చినా, ఏడాదికి మించి ఊళ్ళో ఉండిపోతే ఆ కార్డుకే ఎసరు. 65 దాటినవాళ్ళకు ఉండే మెడికేర్, మాలాగా అక్కడ ఉద్యోగం చేయనివాళ్ళు డబ్బు కట్టి తీసుకోవాలన్నా ముందు 5 ఏళ్ళు అక్కడే ఉండాలి. మరి ఇల్లు అమ్ముకున్నాక ఈ మధ్యకాలమంతా మేం ఎవరి గడపలో ఉండాలి?

ఇంకోటి. సారుకు 61కి రిటైర్మెంటు. నాకెప్పుడు? అక్కడికి పోతే ఆయన రిటైరవుతారు, నాకు కొత్త వంటిల్లు మొదలవుతుంది. మా ఊళ్ళో నేను ఆధార్ కార్డు పట్టుకుని బస్సెక్కితే జీరో టికెట్ మీద ములుగు పోతాను, హన్మకొండ పోతాను. 2023 డిసెంబరు నుంచి అయితే డబ్బులు కూడా ఎవర్నీ అడగక్కర్లేదు. ఈ వయసులో ఆడదానికి దీనికంటే పెద్ద ఆస్తి ఉందా?

బిడ్డ ఏడ్చింది. "రాత్రిపూట నీకేమన్నా అయితే ఎవరు చూస్తరమ్మా?" అంది. దానికి నా దగ్గర జవాబు లేదు, అబద్ధమెందుకు చెప్పాలి? పెద్ద రోగమొస్తే తాడ్వాయి అడవి దాటుకుని వరంగల్ పోవాలి, దగ్గర దగ్గర వంద కిలోమీటర్లు. 2022 జులైలో గోదావరి రామన్నగూడెం దగ్గర ఎలా పొంగిందో కళ్ళారా చూశాం. మా ఊరు స్వర్గమని నేననడం లేదు. ఓపిక తగ్గిన రోజు హన్మకొండలో ఒక చిన్న ఇల్లు అద్దెకు తీసుకుంటాం. ఏటా రెండు నెలలు బిడ్డను చూసొస్తాం. కానీ దవాఖాన దూరమని ఇల్లమ్ముకుని పోవడం కంటే, దవాఖాన దగ్గరికి రావాలని అడగడం న్యాయం కాదా? ఉన్నవాళ్ళం పిల్లల దగ్గరికి పోతే, పోలేనివాళ్ళ కోసం అడిగేదెవరు?

సాయంత్రం నాలుగింటికి బిడ్డే గుడికి తీసుకుపోయింది. దండం పెట్టుకున్నాం. విమానాశ్రయంలో నా భుజం మీద తల పెట్టి, "ఇల్లు అమ్మకుండ్రి, నాకు కూడా రావడానికి ఒక ఇల్లుండాలె" అంది. సారు ఏమీ అనలేదు. హన్మకొండలో బస్సెక్కాక తన టికెట్ తాను తీసుకుంటూ, "రేపు పొద్దున చాయ్‌కి పోవాలె" అన్నారు.

ఇల్లు అమ్మకానికి పెట్టాలనుకుంటున్న అక్కలకు, వదినలకు నాదొక్కటే మాట. ముందు పిల్లల దగ్గర ఒక పనిరోజు ఉండి చూడండి. వాళ్ళనెవర్నీ అడక్కుండా గుడికి పోయి రండి. పోయి రాగలిగితే నిక్షేపంగా అమ్మండి.