పంట రెండుసార్లు, కిరాయి పన్నెండుసార్లు
పట్నం గదుల్లో పల్లె విద్యార్థుల కష్టాలు - లెక్క రాసుకుంటేనే గట్టెక్కేది

నల్లగొండ: జిల్లాలోని పల్లెల నుంచి పైచదువులకు, ఉద్యోగ పరీక్షల శిక్షణకు హైదరాబాద్ వెళ్లే యువకులు దిల్‌సుఖ్‌నగర్, అశోక్‌నగర్, చిక్కడపల్లి, అమీర్‌పేట ప్రాంతాలలో నలుగురు కలిసి ఒక గది కిరాయికి తీసుకోవడం పరిపాటి అయింది. ప్రైవేటు హాస్టల్ కంటే ఖర్చు తగ్గుతుందన్నది వారి ఆశ. కాని ఆ ఆదా చాలా గదులలో కాగితం మీదే మిగిలిపోతున్నది. ఎవరు ఎంత పెట్టారో, ఎవరికి ఎంత రావాలో తెలియక స్నేహితుల మధ్య మనస్పర్థలు వస్తున్నాయి. గది చెదిరిపోతే చదువు కూడా చెదిరిపోతుంది. చివరకు ఆ భారం ఊళ్లో ఉన్న తల్లిదండ్రుల నెత్తిన పడుతున్నది.

అసలు చిక్కు ఎక్కడ?

రైతు చేతికి డబ్బు వచ్చేది వానాకాలం పంటకు ఒకసారి, యాసంగి పంటకు మరోసారి. పట్నంలో కిరాయి మాత్రం ప్రతి నెలా మొదటి వారంలోనే కట్టాలి. ఈ రెంటికీ పొంతన లేదు. ధాన్యం అమ్మిన నెలలో చేతికి వచ్చింది వచ్చినట్లు పంపి, తరువాత నాలుగు నెలలు అప్పు కోసం తిరిగే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇరవై వేలు తెస్తే ఏడాదికి వడ్డీయే 4,800 రూపాయలు అవుతుంది. పంట డబ్బు రాగానే ఆరు నెలల కిరాయి, తిండి ఖర్చు విడిగా బ్యాంకులో ఉంచి నెలనెలా పంపితే ఈ వడ్డీ తప్పుతుంది. ఒక్కసారిగా పెద్ద మొత్తం చేతిలో పడితే కుర్రవాడికి కూడా ఖర్చు మీద అదుపు ఉండదు.

పరీక్ష వాయిదా పడితే...

ఉద్యోగ పరీక్షలకు చదివేవారి పరిస్థితి మరింత ఇబ్బందికరం. తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ 783 గ్రూప్-2 పోస్టులకు 2022 డిసెంబరు 29న ప్రకటన ఇచ్చింది. పరీక్షను మొదట 2023 ఆగస్టులో పెడతామన్నారు. తరువాత నవంబరు అన్నారు, ఆ తరువాత 2024 జనవరి అన్నారు, మళ్లీ ఆగస్టు అన్నారు. చివరకు 2024 డిసెంబరు 15, 16 తేదీలలో జరిగింది. అంటే ప్రకటనకూ పరీక్షకూ మధ్య దాదాపు రెండేళ్లు గడిచాయి. గదిలో ఒక్కొక్కరి వాటా నెలకు 2,500 రూపాయలు అనుకున్నా, ఇరవై నాలుగు నెలలకు కిరాయికే 60,000 అవుతుంది. తిండి, పుస్తకాలు, శిక్షణ రుసుము వేరు.

వాయిదాలు కోరినవారిలో అభ్యర్థులూ ఉన్నారు. చదవడానికి మరికొంత సమయం కావాలన్న వారి కోరికలో న్యాయం లేకపోలేదు. అయితే ఇంటి నుంచి డబ్బు తేలికగా వచ్చేవారికి వాయిదా వరం అయితే, కౌలు రైతు కొడుకుకు అది శిక్ష అవుతున్నది. పరీక్ష తేదీని నమ్మి ఖర్చు లెక్క వేసుకున్నవారు రెండు విధాలా నష్టపోతున్నారు. అందువల్ల పరీక్ష ఎప్పుడు జరిగినా సరే, ఎన్ని నెలల వరకు పట్నంలో ఉండగలరో ముందే నిర్ణయించుకుని వెళ్లడం మంచిది.

సమానంగా పంచితే న్యాయమేనా?

నెలాఖరున మొత్తం ఖర్చును నలుగురికీ సమానంగా పంచడం చాలా గదులలో ఉన్న పద్ధతి. చూడడానికి ఇది సులువే. కాని గొడవలు మొదలయ్యేది ఇక్కడే. కిరాయి, నీటి బిల్లు, వైఫై, మెయింటెనెన్స్ వంటివి మనిషి గదిలో ఉన్నా లేకున్నా కట్టవలసినవే. వాటిని సమానంగా పంచుకోవచ్చు. తిండి ఖర్చు అలా కాదు. దానిని హాస్టల్ మెస్‌లలో వలె హాజరు లెక్కన పంచుకోవాలి.

ఉదాహరణకు ఒక నెలలో బియ్యం, పప్పు, కూరలు, గ్యాస్ కలిపి 6,480 రూపాయలు అయిందనుకుంటే, ముగ్గురు 30 రోజులు తిన్నారు, నాలుగో అతను నాట్ల పనికి ఊరికి వెళ్లి 18 రోజులే ఉన్నాడు. మొత్తం 108 హాజరులు. రోజుకు 60 రూపాయలు పడుతుంది. ముగ్గురికి తలా 1,800, నాలుగో అతనికి 1,080 రావాలి. సమానంగా పంచితే నలుగురికీ 1,620 చొప్పున పడుతుంది. అంటే పొలం పనికి వెళ్లినవాడు తినని తిండికి 540 రూపాయలు ఎక్కువ కట్టినట్లే. వీరిలో పేదవాడే తరచు ఊరికి వెళ్లవలసి వస్తుంది. సమాన పంపకం వల్ల నష్టపోయేది కూడా అతనే.

ఊరి బియ్యానికీ ధర ఉంది

రైతు బిడ్డలు ఇంటి నుంచి బియ్యం మూట తెచ్చుకోవడం కొత్త కాదు. "మనవాడే కదా" అని ఆ బియ్యాన్ని లెక్కలో వేయరు. అడగడానికి తెచ్చినవాడికీ మొహమాటమే. ఇరవై అయిదు కిలోల మూటకు అంగడి ధర 1,250 రూపాయలు అనుకుంటే, దానిని అతను ఇచ్చిన డబ్బుగానే పద్దులో రాయాలి. నలుగురికీ పంచుకుంటే తలా 312 రూపాయల 50 పైసలు అవుతుంది. తల్లిదండ్రుల చెమటతో పండిన గింజకు కూడా పద్దు ఉండాలి కదా!

పది యూనిట్లకు 277 రూపాయలు

కరెంటు విషయంలో తెలియక నష్టపోయేవారు ఎక్కువ. రాష్ట్రంలో 2022 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చిన ఇళ్ల ధరల ప్రకారం నెల వాడకం 100 దాటి 200 యూనిట్ల వరకు ఉంటే మొదటి వందకు యూనిట్ 3.40, రెండో వందకు 4.80 రూపాయలు. 200 యూనిట్లకు మొత్తం 820 అవుతుంది. వాడకం 200 దాటితే మొదటి రెండు వందలకే యూనిట్ 5.10, ఆపైన వంద యూనిట్లకు 7.70. అంటే 210 యూనిట్లకు బిల్లు 1,097 రూపాయలు. పది యూనిట్లకు 277 రూపాయల తేడా వచ్చింది. స్థిర చార్జీలు వేరు.

అన్నం కరెంటు కుక్కర్‌లో వండి, కూర మాత్రం కర్రీ పాయింట్‌లో తెచ్చుకునే గదులలో నెల మధ్యలో ఒకసారి మీటరు చూసుకుంటే ఈ గీత దాటకుండా జాగ్రత్త పడవచ్చు. ఇంటి యజమాని సబ్ మీటరు పెట్టి యూనిట్‌కు ఒకే ధర వసూలు చేస్తానంటే, గదిలో దిగకముందే ఆ ధర ఎంతో కాగితం మీద రాయించుకోవాలి.

గ్యాస్ విషయానికి వస్తే, స్థానిక చిరునామా ధ్రువపత్రం లేనివారు గుర్తింపు కార్డు చూపి 5 కిలోల చిన్న సిలిండరు కొనవచ్చు. పెద్ద సిలిండరు నుంచి దొంగచాటుగా నింపి ఇచ్చేవారి దగ్గర కొనడం ప్రాణాపాయం.

అడ్వాన్సు ఎవరిది?

అన్నింటికన్నా పెద్ద తగాదా అడ్వాన్సు దగ్గర వస్తుంది. ఒప్పందం ఒకరి పేరు మీద ఉంటుంది. డబ్బు నలుగురిది. మధ్యలో ఇద్దరు వెళ్లిపోతే మిగిలినవారి మీద మొత్తం కిరాయి పడుతుంది. వెళ్లేవారు నెల రోజుల ముందు చెప్పాలని, కొత్తగా చేరేవారు వెళ్లేవారి అడ్వాన్సు వాటా చెల్లించాలని మొదటి రోజే రాసుకుంటే ఈ తగాదా ఉండదు.

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో ఇళ్లకు అడ్వాన్సు రెండు నెలల కిరాయికి మించరాదని ఉంది. అయితే అది నమూనా మాత్రమే. రాష్ట్రం తన చట్టంలో చేర్చుకుంటే తప్ప యజమానిని నిలదీయడానికి అది పనికిరాదు. బేరమాడేటప్పుడు మాత్రం ఆ మాట ఎత్తవచ్చు.

హాస్టళ్లలో ఉండేవారు తెలుసుకోవలసిన సంగతి మరొకటి ఉంది. మనిషికి నెలకు 20,000 రూపాయలకు మించని వసతికి, వరుసగా 90 రోజులకు తగ్గకుండా ఉంటే, జీఎస్టీ మినహాయించాలని 2024 జూన్‌లో జీఎస్టీ మండలి నిర్ణయించింది. ఆ పేరుతో అదనంగా అడిగితే ప్రశ్నించాలి.

నోటు పుస్తకం చాలు

వీటన్నిటికీ పెద్ద చదువు అక్కరలేదు. గోడకు వేలాడే ఒక నోటు పుస్తకం చాలు. తేదీ, వస్తువు, ధర, డబ్బు పెట్టినవారి పేరు, ఆ రోజు తిన్నవారి హాజరు రాయాలి. ఫోన్‌లో చెల్లించినా పద్దు పుస్తకంలోకి ఎక్కాలి. నెలకు ఒకరు చొప్పున లెక్క బాధ్యత తీసుకుని, అయిదో తారీఖులోగా తేల్చుకోవాలి. బాకీని రెండో నెలకు మోయనివ్వరాదు. గదిలో పెద్దవాడిని "అన్నా" అని పిలవడం మర్యాదే. అన్న కదా అని లెక్క అడగకపోవడం మర్యాద కాదు. తల్లిదండ్రులు కూడా "డబ్బు సరిపోయిందా" అని అడిగి ఊరుకోకుండా, పండుగకు వచ్చినప్పుడు ఆ పుస్తకం తెమ్మని చూడాలి. అది అనుమానం కాదు, అండ.

ఇక ప్రభుత్వం వైపు నుంచి జరగవలసినదీ ఉంది. పరీక్ష తేదీ ప్రకటిస్తే దానికి కట్టుబడాలి. మండల కేంద్రాలలోని గ్రంథాలయాలను రాత్రి పొద్దుపోయే వరకు తెరిచి ఉంచి, పోటీ పరీక్షల పుస్తకాలు అందుబాటులో పెడితే ఎందరో పిల్లలు ఇంటి అన్నం తింటూనే చదువుకోగలుగుతారు. పట్నంలో నెల కిరాయి మిగిలితే అది ఒక ఎకరం పెట్టుబడికి ఆసరా అవుతుందన్న సంగతి అధికారులు గుర్తించాలి.