దోహాలో చట్టం, డొంకేశ్వర్‌లో అప్పు

జెనీవాలో మన గురించి ఏం రాస్తున్నరో మనకు తెల్వదు. అక్కడ రాసింది మన ఊరికి ఎంత చేరిందో వాళ్లకూ తెల్వదు. ఈ రెండింటి నడుమ కోట్ల డాలర్ల పథకాలు నడుస్తున్నయి. వాటికి పెట్టిన పేరు 'గౌరవప్రదమైన పని'. 1999లో అంతర్జాతీయ కార్మిక సంస్థ డైరెక్టర్ జనరల్ హువాన్ సొమావియా ఈ మాటను ముందుకు తెచ్చిండు. పని దొరకాలె, పనిచేసేటోనికి హక్కులుండాలె, రోగమొచ్చినా ముసలితనమొచ్చినా ఆసరా ఉండాలె, యజమానితో కూసొని మాట్లాడుకునే వీలుండాలె. ఇవీ దాని నాలుగు స్తంభాలు. 2015లో ఐక్యరాజ్యసమితి సుస్థిరాభివృద్ధి లక్ష్యాల్లో ఎనిమిదోదానిలో ఇదే మాట ఎక్కింది. మాట మంచిదే, కాదనేటోడు లేడు. ఆ మాట అమలును కొలిచేది ఎవరు, ఏ కొలతతో కొలుస్తున్నరు అన్నదే మన పంచాయితీ.

డొంకేశ్వర్ నుంచి ఈ పంచాయితీ ఎందుకు పెడుతున్నమో చెప్పాలె. శ్రీరాంసాగర్ నీళ్లకు దగ్గరున్న ఆర్మూర్ దిక్కు పసుపు ఊర్లల్ల ఒక ఇంటిని తీసుకుంటే చాలు. పసుపు ధర పడిపోయిన ఏడు కొడుకు గల్ఫ్ బాట పడతడు. కోడలు తునికాకు కత్తిరించి బీడీలు చుడతది. ఒక్క ఇంటి మీద రెండు అంతర్జాతీయ వ్యవహారాలు వచ్చి పడ్డయి. కొడుకుది ఖతార్ కార్మిక సంస్కరణ, కోడలిది పొగాకు నియంత్రణ ఒప్పందం. ఈ రెండూ ఆ ఇంటికి ఏం చేసినయో చూస్తే పథకాల అసలు రంగు తెలుస్తది.

ముందుగాల ఖతార్ సంగతి. 2014 జూన్‌లో అంతర్జాతీయ కార్మిక సదస్సులో కార్మిక ప్రతినిధులు ఖతార్ మీద ఫిర్యాదు పెట్టిండ్రు. వెట్టిచాకిరి నిషేధ ఒప్పందాన్ని ఆ దేశం తొక్కుతున్నదని అందులో ఆరోపణ. 2017 నవంబర్‌లో ఆ ఫిర్యాదును మూసేసిండ్రు. ఆ వెంటనే మూడేండ్ల సాంకేతిక సహకార కార్యక్రమం వచ్చింది. దానికి రెండున్నర కోట్ల డాలర్లు ఇచ్చింది ఖతార్ ప్రభుత్వమే. 2018 ఏప్రిల్‌లో దోహాలో కార్మిక సంస్థ ఆఫీసు తెరిచింది.

జరిగిన మేలును జరగలేదనడం మన పద్ధతి కాదు. 2018 అక్టోబర్ నుంచి ఎక్కువమంది కార్మికులకు దేశం విడిచి రావడానికి కఫీల్ పర్మిషన్ అక్కరలేకుండ పోయింది. 2020లో పాత యజమాని ఒప్పుకోకున్నా కొత్త పనికి మారే హక్కు చట్టంలోకి వచ్చింది. 2021 మార్చి నుంచి నెలకు 1000 రియాళ్ల కనీస వేతనం, యజమాని తిండి, వసతి ఇయ్యకుంటే అదనంగా 300, 500 రియాళ్లు. 2021 ఎండకాలం నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబర్ 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం మూడున్నర వరకు బయటి పని బంద్. వెనకట మనోళ్లు అకామా కోసం కఫీల్ కాళ్ల మీద పడ్డ రోజులు గుర్తున్నోళ్లకు ఇవి చిన్న మార్పులు కావు.

అయితే మార్కెట్ యార్డులో పాలిష్ చేసిన పసుపు కొమ్మును చూసి ఎవడూ ధర కట్టడు. విరిచి లోపలి రంగు చూస్తడు. ఈ పథకాలనూ అట్లనే విరిచి చూడాలె.

అంతర్జాతీయ పథకాల మదింపుకు ఆరు ప్రశ్నలున్నయి. అవసరానికి తగ్గదా, వేరే పనులతో పొసుగుతదా, అనుకున్నది జరిగిందా, ఖర్చుకు తగ్గ ఫలమొచ్చిందా, జనం బతుకు మారిందా, పథకం పోయినంక నిలబడ్తదా. ప్రశ్నలు బాగనే ఉన్నయి. జవాబులు మాత్రం ఎక్కువగా మంత్రిత్వ శాఖలు, కంపెనీలు, సంస్థల ఆఫీసుల నుంచి వస్తయి. ఎన్ని చట్టాలు మారినయి, ఎంతమందికి ట్రైనింగ్ ఇచ్చిండ్రు అన్న లెక్క కాయితం మీద తొందరగా తేలుతది. అప్పు తీరిందా అన్న లెక్క ఊరికొస్తే తప్ప తేలదు. పైగా మార్కులు పడాల్సిన సర్కారే పథకానికి పైసలు పెడితే, మార్కులేసేటోని చెయ్యి ఎంత స్వేచ్ఛగ ఆడుతది?

అందుకే మన ప్రశ్నలు మనం పెడుతున్నం.

ఒకటి, అప్పు. కార్మికుని దగ్గర నియామక ఖర్చు ఒక్క పైసా తీసుకోవద్దని అంతర్జాతీయ కార్మిక సంస్థ సూత్రం. మన దేశ నిబంధన మాత్రం లైసెన్సున్న ఏజెంటు 30 వేల రూపాయలు, మీద జీఎస్టీ తీసుకోవచ్చంటది. లైసెన్సు లేని సబ్ ఏజెంటుకు ఆ హద్దు కూడా లేదు. వడ్డీకి తెచ్చిన పైసలు కట్టి పోయినోడు, చట్టం హక్కు ఇచ్చినా పని మారడానికి జంకుతడు. దోహా చట్టాన్ని డొంకేశ్వర్ అప్పు కట్టేస్తది. హైదరాబాద్‌లో ఖతార్ వీసా సెంటర్ పెట్టి ఇక్కడనే అగ్రిమెంటు మీద సంతకం పెట్టించడం మంచిదే. కానీ సంతకం దాకా వచ్చేసరికే అప్పు పత్రం మీద సంతకం అయిపోయి ఉంటది.

రెండు, జీతం. 2020 ఆగస్టు చివర ఖతార్ 1000 రియాళ్ల కనీస వేతనం ప్రకటించింది. అంటే సుమారు 275 డాలర్లు. ఆ మరుసటి నెలనే మన విదేశాంగ శాఖ ఖతార్ పోయే మన కార్మికుల సిఫారసు వేతనాన్ని 200 డాలర్లకు తగ్గించింది. అవతలి దేశం పెంచుతుంటే సొంత దేశం దించింది! కరోనాలో ఉద్యోగాలు కాపాడటానికని సమర్థించుకున్నరు. తెలంగాణ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది, గల్ఫ్ సంఘాలు కొట్లాడినయి. 2021 జూలైలో పాత వేతనాలను మళ్ల తెచ్చిండ్రు. దోహా పథకానికి వేసే మార్కుల్లో ఢిల్లీ చేసిన ఈ పనికి కాలమే లేదు.

మూడు, చావు. 2010 తర్వాత పదేండ్లల్ల అయిదు దక్షిణాసియా దేశాల కార్మికులు 6,500 మందికి పైగా ఖతార్‌లో చనిపోయిండ్రని 2021 ఫిబ్రవరిలో గార్డియన్ పత్రిక రాసింది. అది అన్ని కారణాల చావుల లెక్క. పనిలో జరిగిన ప్రమాదాల మీద కార్మిక సంస్థ అదే ఏడు నవంబర్‌లో వేరే లెక్క ఇచ్చింది. 2020 ఒక్క ఏడాదిలో 50 మరణాలు, 500కు పైగా తీవ్ర గాయాలు. రెండు లెక్కల నడుమ ఉన్నది 'సహజ మరణం' అన్న ముద్ర. ఆ చావులను సరిగ్గ విచారించాలని కార్మిక సంస్థే చెప్పింది. ఆ ముద్ర పడితే పని వల్ల పోయిన ప్రాణానికి రావాల్సిన నష్టపరిహారం రాదు. మన ప్రవాసీ భారతీయ బీమా ఇచ్చే పది లక్షలు కూడా ప్రమాద మరణానికే. ఎండలో ఇనుప చువ్వలు మోసిన పడుచు పిల్లగాని గుండె నిద్రలో ఆగితే అది ఎట్ల సహజమైతది?

నాలుగు, సంఘం. ఖతార్‌లో వలస కార్మికుడు యూనియన్ పెట్టుకోవడానికి లేదు. యజమానితో ఉమ్మడి కమిటీలే గతి. ఈ విషయంలో మన దేశం కూడా వేలెత్తి చూపే తావు లేదు. సంఘం పెట్టుకునే హక్కు, సమష్టి బేరం హక్కు మీద ఉన్న 87, 98 ఒప్పందాలను భారత్ ఆమోదించలేదు.

ఇగ కోడలి సంగతి. ఇంట్ల కూసొని పనిచేసేటోళ్ల కోసం 1996లో 177వ ఒప్పందం వచ్చింది. మన దేశం దాన్నీ ఆమోదించలేదు. పొగాకు నియంత్రణ ఒప్పందాన్ని మాత్రం 2004లోనే ఆమోదించింది. పొగాకు ప్రాణాంతకం, అందులో రెండో మాట లేదు. ఆ దుమ్ము మింగుతున్న మన ఆడోళ్లకంటే అది ఎవరికి బాగ తెలుసు? అయితే అదే ఒప్పందం 17వ అధికరణం పొగాకు కార్మికులకు గిట్టుబాటయ్యే వేరే బతుకుదెరువు చూపాలని చెప్తది. డబ్బా మీద 85 శాతం హెచ్చరిక 2016లో వచ్చింది. 2017లో బీడీల మీద 28 శాతం జీఎస్టీ వచ్చింది, 2025 సెప్టెంబర్‌లోగాని దాన్ని 18కి తగ్గించలేదు. ఆ జీఎస్టీతోనే బీడీ కార్మికుల దవాఖానలకు, పిల్లల స్కాలర్‌షిప్‌లకు ఆధారమైన సెస్సు రద్దయింది. 1966 బీడీ కార్మికుల చట్టం కూడా 2025 నవంబర్‌లో కొత్త కోడ్‌లో కలిసింది. ఒప్పందంలో పన్ను ముక్క, బొమ్మ ముక్క ఊర్లకు చేరినయి. బతుకుదెరువు ముక్క తొవ్వలనే ఆగింది. 2015లో మొదలై 2019లో 2,016 రూపాయలైన బీడీ పెన్షన్ రాష్ట్రం ఇచ్చింది, ఆ ఒప్పందం ఇచ్చింది కాదు.

నియామకాల కోసం కొట్లాడి రాష్ట్రం తెచ్చుకున్నం. విమానమెక్కే క్యూ మాత్రం ఆగలేదు. 2024లో గల్ఫ్ మృతుల కుటుంబాలకు అయిదు లక్షల సాయం ప్రకటించిండ్రు, ప్రవాసీ ప్రజావాణి పెట్టిండ్రు. మంచిదే. కానీ చచ్చినంక ఇచ్చే అయిదు లక్షల కంటే, పోయేముందు అప్పు లేకుండ పంపే ఏర్పాటు పెద్దది. ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉండంగ మన పిల్లలు సబ్ ఏజెంట్ల ఇండ్ల చుట్టు తిరగాల్సిన గతి ఎందుకు?

మా డిమాండ్ సూటిగ ఉన్నది. ఉపాధి హామీ పనులకు 2006లోనే ఈ గడ్డ మీద సామాజిక తనిఖీ మొదలైంది. కూలీలు గ్రామసభలో నిలబడి మస్టర్ రోల్ చదివించుకున్నరు, తిన్నోని పేరు మొహం మీదనే చెప్పిండ్రు. ఆ పద్ధతి మనకు చేతనైనదే. గల్ఫ్ కార్మికుల పేరు మీద, బీడీ కార్మికుల పేరు మీద నడిచే ప్రతి అంతర్జాతీయ పథకానికి అట్లాంటి తనిఖీ పెట్టాలె. వాపసొచ్చినోళ్లు, శవపేటికను దించుకున్న ఇంటోళ్లు, బీడీ చుట్టే ఆడోళ్లు సాక్షులుగ ఉండాలె. రిపోర్టు తెలుగులో రావాలె, పంచాయతీ గోడకు అంటించాలె.

2034 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ సౌదీకి దక్కింది. స్టేడియాలు మళ్ల లేస్తయి, ఏజెంట్లు మళ్ల ఊర్లల్లకు వస్తరు. ఖతార్ పాఠాన్ని దోహా రిపోర్టుల నుంచే చదివితే సగమే తెలుస్తది. మిగతా సగం మన ఊర్ల అప్పు పత్రాల్లో ఉన్నది. ముందు వాటిని చదవండి, ఆ తర్వాత మార్కులు వేయండి.