సీసా మీది పేరు సాక్ష్యం కాదు

మన జీవశాస్త్ర ప్రయోగశాలల్లో ఒక నమ్మకం పాతుకుపోయింది. యాంటీబాడీ సీసా మీద ‘కాస్పేస్-3’ అని ఉంటే అది కాస్పేస్-3 అనే ఎంజైమ్‌నే పట్టుకుంటుందట. ప్రోటీన్లను విడదీసి చూసే బ్లాట్ మీద బ్యాండ్ పడిందా, కణంలో ఆ ఎంజైమ్ ఉన్నట్టేనట. అనుమానపడ్డ విద్యార్థికి జవాబు సిద్ధంగా ఉంటుంది: ‘కంపెనీ పరీక్షించే పంపుతుంది, ఇన్ని పేపర్లలో వాడారు, నీకెందుకు సందేహం?’ ఈ ధీమా తప్పు. యాంటీబాడీ అతుక్కుందన్నది ఒక సంగతి, దేనికి అతుక్కుందన్నది ఇంకో సంగతి. మొదటిది చూసి రెండోది రాసేస్తే అది సైన్స్ కాదు.

ఈ తేడా ఎంత దూరం పోతుందో 1994లో సూరత్ చూపించింది. ఆ సెప్టెంబరులో ఊపిరితిత్తుల ప్లేగు అన్న మాట పుట్టగానే లక్షల మంది ఊరు విడిచారు. మరమగ్గాలను నమ్ముకుని వలస వెళ్లిన మన తెలుగు నేత కార్మికులూ వారిలో ఉన్నారు. మందుల షాపుల్లో టెట్రాసైక్లిన్ దొరకలేదు. దేశం మొత్తం మీద లెక్కకెక్కిన అనుమానిత కేసులు 693, మరణాలు 56. ఆ లెక్కకు ఆధారం, రోగుల రక్తంలో ప్లేగు క్రిమికి విరుగుడుగా పుట్టిన యాంటీబాడీలు కనబడడం. అది చాలదని నిపుణులే వాదులాడుకున్నారు. ప్లేగు కాదు, మెలియాయిడోసిస్ కావచ్చన్నవారూ ఉన్నారు. శ్రీకాకుళంలో పుట్టిన వులిమిరి రామలింగస్వామి అధ్యక్షతన కేంద్రం వేసిన కమిటీ ప్లేగేనని తేల్చింది. ఆనాడు వేరుచేసిన బ్యాక్టీరియా డీఎన్ఏను హైదరాబాద్ సీసీఎంబీలో శివాజీ బృందం పరీక్షించి, అది యెర్సీనియా పెస్టిసేనని 2000లో ప్రచురించింది. ప్లేగన్న మాట నిజమే అయింది. కానీ దాన్ని నిలబెట్టింది యాంటీబాడీ ఒక్కటే కాదు, వేరే దారిలో వచ్చిన రుజువు. రోగి ఒంట్లో పుట్టినది వేరు, సీసాలో కొన్నది వేరు అంటారా? అతుక్కునే గుణం రెండింటికీ ఒకటే, దారి తప్పే గుణమూ ఒకటే.

ఆ ప్లేగు క్రిమికే ప్రోటీన్లను కోసే ఎంజైమ్ ఒకటుంది, పేరు ప్లా. మన రక్తంలోని ప్లాస్మినోజెన్‌ను కోసి ప్లాస్మిన్‌గా మారుస్తుంది. గడ్డలు కరిగి, క్రిమి ఒంట్లో పాకడానికి దారి ఏర్పడుతుంది. ప్లా జన్యువు కనబడితే ప్లేగేనని చాలాకాలం నమ్మారు. 2015లో దాదాపు అలాంటి జన్యువే ఎలుకల్లో ప్లేగుతో సంబంధం లేని బ్యాక్టీరియాలో బయటపడింది. డీఎన్ఏ గుర్తే ఇలా బోల్తా కొట్టిస్తే, యాంటీబాడీని కళ్లు మూసుకుని నమ్మడమెలా?

ఇలాంటి ఎంజైమ్‌ల విషయంలో ఇంకో చిక్కుంది. కణం తనను తాను చంపుకునేటప్పుడు పనిచేసే కాస్పేస్-3 మామూలుగా సుమారు 35 కిలోడాల్టన్ల ప్రోటీన్‌గా, పనిలేకుండా పడి ఉంటుంది. తెగి 17, 12 కిలోడాల్టన్ల ముక్కలైతేనే దానికి పదును. 35 దగ్గర పడ్డ బ్యాండ్ చూపి ‘మా మందుతో కాస్పేస్-3 చురుకైంది’ అని రాయడం ఒరలో కత్తిని చూపి హత్య జరిగిందనడమే. తెగిన రూపాన్ని మాత్రమే పట్టే యాంటీబాడీ వాడామంటారా? 2010లో ఫాన్, బెర్గ్‌మన్ అనే శాస్త్రవేత్తలు ఆ రకం యాంటీబాడీని పండ్ల ఈగల్లో పరీక్షించారు. కాస్పేస్-3కి సాటివచ్చే రెండు ఎంజైమ్‌లనూ జన్యువులతో సహా తీసేసినా అది వెలిగింది. అది చూపిస్తున్నది డ్రాంక్ అనే మరో ఎంజైమ్ చేస్తున్న పనిని.

ఇక ‘ఇన్ని పేపర్లలో వాడారు’ అన్న వాదన. 2023లో వైకారోస్ అనే పరిశోధక బృందం 65 ప్రోటీన్ల కోసం తయారైన 614 యాంటీబాడీల ఫలితాలు వెల్లడించింది. ప్రోటీన్ ఉన్న కణాలు ఒక పక్క, జన్యువు తీసేసి ఆ ప్రోటీన్ లేకుండా చేసిన కణాలు ఇంకో పక్క పెట్టి చూశారు. గురి తప్పిన యాంటీబాడీలతో అప్పటికే వచ్చిన పేపర్లు సగటున ఒక్కో ప్రోటీన్‌కు పన్నెండు. ఫలితాలు చూశాక కంపెనీలే కొన్నింటిని అమ్మకం నుంచి తీసేశాయి. కంపెనీ పరీక్ష, పేపర్ల లెక్క రెండూ పేరు గొప్ప ఊరు దిబ్బేనని తేలిపోయింది.

చివరి సాకు ఖర్చు. ఇందులో కొంత నిజముంది. సూరత్‌లోనైనా వరంగల్‌లోనైనా పరిశోధక విద్యార్థికి ఒక్క సీసా కొనడమే గగనం. జన్యువు తీసేసిన కణాలు ఎక్కడ తెస్తాడు? కానీ కాస్పేస్-3 విషయంలో ఆ సాకు చెల్లదు. రొమ్ము క్యాన్సర్ పరిశోధనలో దేశమంతా వాడే ఎంసీఎఫ్-7 కణాల్లో ఆ జన్యువులో 47 అక్షరాలు ఎగిరిపోయి కాస్పేస్-3 తయారే కాదు. 1998 నుంచీ తెలిసిన సంగతే ఇది. ఆ కణాలు చాలా ల్యాబుల నైట్రోజన్ ట్యాంకుల్లో ఇప్పటికే ఉన్నాయి. ఒక్క లేన్ వాటికి కేటాయిస్తే చాలు, అక్కడ ఖాళీ కనబడాలి. బ్యాండ్ పడిందా, పక్క లేన్లనూ నమ్మడానికి లేదు. వేరే ఎంజైమ్‌లకైతే ఎస్ఐఆర్‌ఎన్‌ఏతో ఆ ప్రోటీన్‌ను తగ్గించి, బ్యాండ్ వెలిసిపోతుందో లేదో చూడవచ్చు. అప్పుడు కూడా ఎంజైమ్ కోస్తోందో లేదో విడిగా కొలవాలి.

గైడ్‌లకూ, వైవాకు వచ్చే పరీక్షకులకూ విన్నపం ఒకటే. బ్యాండ్ ఎంత ముదురుగా ఉందో తర్వాత చూడండి, ముందు ఖాళీ లేన్‌నో, వెలిసిపోయిన బ్యాండ్‌నో చూపించమనండి. అది లేని థీసిస్ మీద సంతకం పెట్టకండి.