హంపీలో గుమ్మటాలు ఎవరివండీ?

మొన్నామధ్య ఆఫీసు బ్యాచ్‌తో హంపి వెళ్ళా. గజశాల ముందు నిలబడి ఒక కొలీగు "ఇది రాయలది కాదురా, సుల్తానులొచ్చాక కట్టింది" అని తేల్చేశాడు. గుమ్మటం కనబడితే చాలు, మనవాళ్ళకి అంతే! నాకు ఒళ్ళు మండింది.

అయ్యా, 11 గదుల ఆ ఏనుగుల కొట్టం మీద రకరకాల గుమ్మటాలు పెట్టించింది విజయనగర రాజులే. లోటస్ మహల్ చూడండి. కింద సున్నపు నగిషీల ఆర్చీలు, పైన గుడి శిఖరాల్లాంటి కప్పు. అదే ఊళ్ళో రెండో దేవరాయల కొలువులో ఉన్న అహ్మద్ ఖాన్ 1439లో కట్టించిన మసీదుకి గుమ్మటమే లేదు! అచ్చం గుడి మండపంలా స్తంభాలూ, దూలాలూ. శాసనంలో దాన్ని ధర్మశాల అన్నారు.

"హిందూరాయ సురత్రాణ" అని బిరుదు పెట్టుకున్న రాజులండీ వాళ్ళు. సురత్రాణ అంటే సుల్తానే.

1565లో తళ్ళికోట యుద్ధం తర్వాత ఊరు నాశనమైంది, నిజమే. దానికి కోపం రావాల్సిందే. కానీ ఆ కోపంలో రాయలు కట్టించినవి కూడా తీసుకెళ్ళి సుల్తానుల ఖాతాలో రాసేస్తే ఎలా? బయటి లైబ్రరీ వాడాడని ప్రోగ్రాం రాసినవాడి పేరు కొట్టేస్తామా?