ప్రశ్న వేసినవారి బాధ్యత

ఫిలిప్పీలో భూకంపం వచ్చి చెరసాల తలుపులు తెరుచుకున్నాయి. ఖైదీలంతా పారిపోయారనుకున్న చెరసాల నాయకుడు కత్తి దూసి చావబోయాడు. పౌలు ఆ చీకట్లోనే బిగ్గరగా కేకవేసి అతణ్ణి ఆపాడు (అపొ. కా. 16:27, 28). తెల్లవారాక మాట్లాడదామనుకోలేదు.

అమెరికాలో మాజీ సైనికుల సంక్షేమ శాఖ చేయించిన ఒక పరిశోధన గురించి చదివినప్పుడు ఈ సంఘటనే గుర్తొచ్చింది. ఆత్మహత్యాయత్నం వంటి గండం గడిచినవారికి లిథియం మందు కలిపి ఇస్తే, అది మళ్లీ రాకుండా ఆగుతుందా అని చూశారు. 519 మంది చేరారు. కొందరికి మందు, కొందరికి అలాగే కనిపించే ఉత్త మాత్ర. మామూలు వైద్యం అందరికీ సాగింది. ప్రయోజనం లేదని తేలి మధ్యలోనే ఆపేశారు. 2021లో ఫలితాలు వచ్చాయి. రెండు గుంపుల్లోనూ దాదాపు నాలుగో వంతు మందికి ఆ గండం మళ్లీ వచ్చింది. నలుగురు చనిపోయారు.

ఇంత ప్రమాదంలో ఉన్నవారిని పరిశోధనలో చేర్చుకోవడమెందుకని అడగవచ్చు. చేర్చుకోకపోతే వారికి పనికొచ్చే వైద్యమేదో ఎన్నటికీ తెలియదు. వారిని దూరం పెట్టడం దయ కాదని నా అభిప్రాయం. అయితే 'చనిపోతే బాగుండుననిపించిందా?' అని కాగితం మీద అడిగినవారు, 'అవును' అన్న జవాబును లెక్కల కట్టలో పడేయకూడదు. ఆ మనిషి గది దాటకముందే తర్ఫీదు పొందినవారు పక్కన కూర్చోవాలి. ఇంట్లో తుపాకీ ఉందా, రాత్రివేళ ఎవరికి ఫోన్ చేస్తాడు అని అడగాలి. జవాబులు గోప్యమే గాని, ప్రాణాపాయముంటే ఇతరులకు చెబుతామని మొదటి రోజే చెప్పాలి. బలహీనుడంటారని సైనికుడు నోరు విప్పడు. కాబట్టి మనమే అడగాలి. అడిగితే ఆ తలంపు పుడుతుందన్నది అపోహే. అత్యవసర వైద్యానికి వచ్చిన మాజీ సైనికులతో, కష్టం ముంచుకొస్తే ఏం చేయాలో రాయించి, తర్వాత ఫోన్‌లో పలకరిస్తూ వచ్చారు. అలా చేసినచోట ఆరు నెలల్లో ఆత్మహత్యా ప్రవర్తన సుమారు 45 శాతం తక్కువగా కనిపించిందని 2018లో ప్రచురించారు.

సెమినరీలో నాకు గ్రీకు క్రియలు నేర్పారు గాని, 'బతకాలని లేదయ్యగారూ' అన్నవాడితో ఎలా మాట్లాడాలో నేర్పలేదు. మా మందిరంలో ప్రార్థన మనవుల పెట్టె ఉంది. ఏళ్ల తరబడి దాన్ని ఆదివారమే తెరిచేవాణ్ణి. ఒక రిటైర్డ్ జవాను మంగళవారం వేసిన చీటీని అయిదు రోజుల తర్వాత చదివాను. పరుగున వెళ్లాను. దేవుని దయవల్ల ఆయన ఇంట్లోనే ఉన్నారు. ఇప్పుడు పెట్టెను రోజూ సాయంత్రం తెరుస్తున్నాం. మూతమీద టెలి మానస్ నంబరు 14416 రాయించాం. అది ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.