అంచనా వేఱు, రాశి వేఱు

కేసముద్రము పేరున సముద్ర మున్నను ఆ యూరు కడలికి కడుదూరము. ఓరుగల్లు సీమలో ఊరిపేరున సముద్రమనగా చెఱువే. అట్టి యూరి రైతునకు బంగాళాఖాతపు టడుగున జరుగు పరిశోధనతో పనియేమని కొంద ఱనవచ్చును. పని కలదు. 2021 నుండి రామగుండమున యూరియా సహజవాయువుతో తయారగుచున్నది. ఆ వాయువు కోస్తానుండి గొట్టపుమార్గమున వచ్చుచున్నది. అదిగాక, రాజ్యాంగపు 297వ అధికరణము ననుసరించి సముద్రగర్భ ఖనిజములు కేంద్రమునకు, అనగా దేశప్రజలకు, చెందినవి. సొత్తు మనదైనపుడు లెక్క యడుగు హక్కును మనదే.

ఆ లెక్క యెట్లు పుట్టును? కృష్ణా గోదావరులు కోట్ల యేండ్లుగా మోసికొనివచ్చిన యొండ్రు తీరమున కావల పొరలు పొరలుగా పేరుకొనియున్నది. సర్వే ఓడ కొన్ని సెకనుల కొకమాఱు ఒత్తిడిగాలిని నీటిలోనికి వదలును. ఆ ధ్వని నీటిలో సెకనునకు సుమారు 1500 మీటర్ల వేగమున పోయి, అడుగుపొరలను దాకి మఱలివచ్చును. ఓడ వెనుక కిలోమీటర్ల పొడవున సాగు తీగలలోని శ్రవణయంత్రములు ఆ ప్రతిధ్వనులను గ్రహించును. వానినిబట్టి పటము గీయుదురు. పటము పొరల యాకారమును జూపును; వాయువు దొరకునో లేదో తేల్చునది బావియే. నిలుపుపైరును జూచి దిగుబడి చెప్పుట వేఱు, కళ్లమున రాశి కొలుచుట వేఱు.

ఈ భేదమును మఱచినందులకు ఫలము మనము చూచితిమి. కాకినాడ తీరమున 20 లక్షల కోట్ల ఘనపుటడుగుల వాయువు కలదని గుజరాత్ ప్రభుత్వ పెట్రోలియం సంస్థ పక్షమున 2005లో చాటిరి. ఆ సంస్థ తుదకు అప్పులపాలై, 2017లో తన 80 శాతము వాటాను ఓ.ఎన్.జి.సి.కి విక్రయించెను. ఇచ్చినదియు ప్రజల సొమ్మే, పుచ్చుకొన్నదియు ప్రజల సొమ్మే. 2009లో ఉత్పత్తి కారంభమైన రిలయన్స్ క్షేత్రముల దిగుబడియు కొలది యేండ్లలోనే అంచనాకు మిక్కిలి దిగువకు జాఱెను. ఆ వాయువును నమ్మి ఆంధ్రదేశమున గట్టిన విద్యుత్కేంద్రములు కొన్ని ఇంధనము లేక మూలబడినవి.

అన్వేషణ వలదని మా మతము కాదు. గ్రుడ్డిగా త్రవ్వుటకంటె చూచి త్రవ్వుట మేలు. కాని చూచినదానిని చేతికి వచ్చినట్లు చాటుట మేలు కాదు. హైడ్రోకార్బన్ల డైరెక్టరేట్ జనరల్ యొద్ద 2017 నుండి జాతీయ సమాచార భాండారము కలదు. అందలి భాష నిపుణులకే తెలియును. ఆ సంస్థ ఏటేట ఒక్క పుట తెలుగున ప్రకటింపవలయును. సర్వేలో కనబడిన దెంత, బావులవలన రూఢియైన దెంత, నిజముగా వెలికివచ్చిన దెంత, ఈ మూడును ప్రక్కప్రక్కనే యుండవలయును. కళ్లమును గాచు రైతునకు ఆ మూడు సంఖ్యల భేదము ఎవ్వరును బోధింప నక్కఱలేదు.